రూపాయికి కూడా టికెట్ కొట్టినవాణ్ణి, నేను కట్టిన డబ్బుకు రసీదు అడుగుతున్నాను

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు కండక్టరుగా చేసి 2015లో రిటైరయ్యాను. ఉండేది తణుకులో. మా ఉద్యోగంలో అన్నిటికంటే పెద్ద తప్పు, డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వకపోవడం. ప్రయాణికుడితో గొడవ పడితే మెమో ఇస్తారు, మందలిస్తారు. డబ్బు పుచ్చుకుని టికెట్ కొట్టలేదని చెకింగ్‌లో దొరికితే మాత్రం ఉద్యోగానికే ఎసరు. అది రెండు రూపాయల టికెట్టయినా సరే. నాతో పాటు చేరిన ఒకాయన రావులపాలెం దగ్గర ఒకే ఒక్క టికెట్ తేడాతో దొరికాడు. మళ్లీ డ్యూటీ ఎక్కడానికి నాలుగేళ్లు కోర్టు చుట్టూ తిరిగాడు. ఆ భయంతో స్టేజీ మారే ముందు బ్యాగులో చిల్లర, ట్రేలో టికెట్లు, చేతిలో ఎస్సార్, అంటే టికెట్ల లెక్క రాసే కాగితం, మూడూ కలుస్తున్నాయా అని చూసుకునేవాళ్లం.

ఇప్పుడు డ్యూటీ చేస్తున్న పిల్లల లెక్క ఇంకా గట్టిది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సు ఉచితం చేశారు. వాళ్ల దగ్గర పైసా తీసుకోరు. అయినా జీరో ఫేర్ టికెట్ కొట్టి చేతికిస్తారు. డబ్బు తీసుకోకపోయినా లెక్క ఉండాలని.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 1999 నుంచి, మధ్యలో ఒక రెండేళ్లు తప్ప, నేను కేబుల్ టీవీకి నెలనెలా డబ్బు కడుతున్నాను. ఈ 26 ఏళ్లలో ఒక్కసారి కూడా రసీదు అందుకోలేదు.

నాకు ప్రతి రోజూ ఖర్చు రాసుకునే అలవాటు. యూనియన్ వాళ్లు ఏటా ఇచ్చే డైరీలు అన్నీ దాచాను. మొన్న ఆదివారం వాటిని కిందికి దించి కేబుల్ లెక్క మాత్రం వేరే కాగితం మీదికి ఎక్కించాను. 1999లో 70 రూపాయలు. 2009లో 120. 2016లో డిజిటల్ అయిపోయిందని, డబ్బా లేకపోతే బొమ్మ రాదని చెప్పి సెట్‌టాప్ బాక్సుకు 1,300 తీసుకున్నారు. 2018లో 180. 2019 ఫిబ్రవరి నుంచి 250. తర్వాత 300. ఇప్పుడు 350. పెరిగిన ప్రతిసారీ డబ్బులకొచ్చిన అబ్బాయి గుమ్మంలో నిలబడి నోటిమాటగా చెప్పాడు తప్ప, ఎందుకు పెరిగిందో రాసున్న కాగితం ఒక్కటీ ఎవరూ ఇవ్వలేదు.

350 పెద్ద మొత్తమా అని మీ పాఠకుల్లో కొందరికి అనిపించవచ్చు. ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలో కలిసింది 2020 జనవరి 1న. మేం అంతకు ముందే దిగిపోయినవాళ్లం. మాకు వచ్చేది పీఎఫ్ వాళ్లిచ్చే ఈపీఎస్-95 పెన్షన్. నాకు నెలకు 2,870 రూపాయలు. ఇందులో కేబుల్‌కు 350, ఇంటర్నెట్‌కు 589 పోతాయి. రెండూ కలిపి 939. అంటే పెన్షన్‌లో దాదాపు మూడో వంతు తీగలకే పోతోంది. అందుకే ఈ వయసులో కూడా ఒక రైస్ మిల్లులో లెక్కలు రాయడానికి వెళ్తున్నాను.

రెండూ తీసేయవచ్చు కదా అంటారు. మా ఇంట్లో ముగ్గురం. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, గుమ్మం దాటి నాలుగేళ్లయింది. మధ్యాహ్నం ఎస్వీబీసీలో స్వామివారి కల్యాణోత్సవం, సాయంత్రం నాలుగు సీరియళ్లు, ఆవిడకు అవే గుడి, అవే పేరంటం. మా అమ్మాయీ అల్లుడూ కువైట్‌లో పని చేస్తారు. మనవరాలు మా దగ్గర ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. కాలేజీ వాళ్లు పాఠాల వీడియోలు ఫోనుకు పంపిస్తారు, ఎప్‌సెట్ మాక్ టెస్టులు ఆన్‌లైన్‌లో పెడతారు. శుక్రవారం అమ్మాయికి సెలవు. ఆ రోజు వీడియో కాల్‌లో తల్లీకూతుళ్లు గంట సేపు మాట్లాడుకుంటారు. నేను ఏ తీగ కత్తిరించను?

"తాతయ్యా, టీవీ చానళ్లు కూడా నెట్‌లోనే వస్తాయి, కేబుల్ మానేద్దాం" అంది మనవరాలు. మాది పాత టీవీ, స్మార్ట్ టీవీ కాదు. దాన్ని మార్చాలి, పైగా ఆ యాప్‌లకు మళ్లీ విడివిడిగా చందాలు కట్టాలి. లెక్క వేస్తే 350 దగ్గర ఆగేలా లేదు. దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ సంగతి కూడా కనుక్కున్నాను. గొడుగు, డబ్బా ఒకసారి కొనుక్కుంటే నెలనెలా కట్టక్కర్లేదు. చాలా మంచి సదుపాయం, సప్తగిరి, యాదగిరి చక్కగా వస్తాయి. కానీ మా ఆవిడ చూసే సీరియళ్లు అందులో రావు.

సెప్టెంబరు 5న కేబుల్ అబ్బాయి వచ్చినప్పుడు మొదటిసారి గట్టిగా అడిగాను. "బాబూ, ఈ 350లో దేనికెంతో ఒక చీటీ మీద రాసియ్యి. డబ్బు ముట్టినట్టు సంతకం పెట్టు" అన్నాను. ఆ కుర్రాడు నొచ్చుకున్నాడు. "కండక్టర్ గారూ, ఊళ్లో ఎవరూ అడగని లెక్క మీరొక్కరే అడుగుతున్నారండి. మా ఓనర్ గారితో మాట్లాడుకోండి" అన్నాడు. సరేనని వాళ్ల ఆఫీసుకు వెళ్లాను. అక్కడున్నాయన మర్యాదగానే కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ప్యాకేజీ అంతేనని, అందరికీ ఒకటేనని, పైనుంచి పెంచితే తామేం చేస్తామని అన్నాడు. నాకు కావలసిన చానళ్లే విడిగా ఇమ్మన్నాను. "అలా ఇవ్వడం మా దగ్గర లేదండి" అన్నాడు.

ఆ మాట నిజం కాదు. అందుకే ఈ ఉత్తరం.

2019 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా అమల్లోకి వచ్చిన ట్రాయ్ (ఫోన్, టీవీ కంపెనీలను నియంత్రించే సంస్థ) టారిఫ్ పద్ధతి ప్రకారం ప్రతి పే చానల్‌కూ, అంటే డబ్బు కట్టి చూసే చానల్‌కూ, విడిగా ధర ఉండాలి. ఆ ధర అందరికీ తెలియాలి. కావలసింది ఎంచుకునే హక్కు చూసేవాళ్లది. కనెక్షన్ కోసం కట్టే మొత్తాన్ని నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు అన్నారు. అప్పట్లో వంద చానళ్ల వరకు అది 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. ఆపైన మనం కోరుకున్న పే చానళ్ల ధర. ఆనాటి ధరలు నా డైరీలో ఉన్నాయి: స్టార్ మా 19, జీ తెలుగు 19, జెమిని 19, ఈటీవీ 17. నాలుగూ కలిపి 74, జీఎస్టీతో 87 రూపాయల 32 పైసలు. తెలుగు వార్తా చానళ్లలో చాలావాటికి ధరే లేదు, అవి ఫ్రీ టు ఎయిర్. ఎస్వీబీసీ కూడా అంతే. అంటే మా ఇంటికి కావలసినవన్నీ కలిపి ఆ రోజున 240 రూపాయల 72 పైసలకు వచ్చి ఉండాలి. నేను కట్టింది 250. తేడా తొమ్మిది రూపాయలే కదా అనుకోవద్దు. ఆ 250కి నాకు అంటగట్టిన చానళ్లలో మా ఇంట్లో ఎవరికీ రాని భాషలవి ఎన్నో ఉన్నాయి. ఈ నాలుగు చాలని చెప్పే అవకాశమే నాకు ఇవ్వలేదు. 250 తర్వాత 300 ఎందుకైంది, 300 తర్వాత 350 ఎందుకైంది అని లెక్క సరిచూసుకుందామంటే చేతిలో కాగితం లేదు.

ఆ తర్వాత నిబంధనలు మారుతూ వచ్చాయి. 2020 జనవరిలో అదే 130కి రెండు వందల చానళ్లు ఇవ్వాలన్నారు. ప్యాకేజీలో కలిపే చానల్ ధర 12 దాటకూడదన్నారు. చానళ్ల వాళ్లు కోర్టుకెళ్లారు. 2022 నవంబరులో ఆ 12ను మళ్లీ 19 చేశారు. 2024 జూలైలో 130 అనే హద్దును కూడా తీసేసి, ఫీజు ఎంతన్నది కేబుల్, డీటీహెచ్ సంస్థల ఇష్టానికి వదిలారు. అయితే ఎంత తీసుకుంటున్నారో బయటికి ప్రకటించాలి, చందాదారుకు చెప్పాలి అన్న షరతు ఉంది. పోటీ ఉంటే ధర తగ్గుతుందని పెద్దవాళ్లు అనుకుని ఉంటారు. మా వీధిలో తీగ లాగింది ఒక్క కేబుల్ ఆపరేటరే. పోటీ ఎక్కడి నుంచి వస్తుంది?

పోనీ ఆపరేటర్‌ను మారుద్దామన్నా పాత డబ్బా కొత్తవాళ్ల దగ్గర పని చేయదు. మా బీరువా మీద ఇప్పటికే రెండు సెట్‌టాప్ బాక్సులు దుమ్ము పట్టి ఉన్నాయి. ఒకటి ఆ 1,300 పెట్టి కొన్నది, ఇంకొకటి మధ్యలో రెండేళ్లు డీటీహెచ్ పెట్టించుకున్నప్పటిది. ఏ కంపెనీకైనా పని చేసే డబ్బాలు ఉండాలని ట్రాయ్ 2020లోనే కేంద్రానికి సిఫారసు చేసింది. అది అమలై ఉంటే నాలాంటివాడు తన డబ్బా తాను సంచిలో పెట్టుకుని తక్కువకు ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లేవాడు. ఫోను నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు వచ్చి ఎన్నేళ్లయిందో చూడండి. టీవీ డబ్బాకు ఆ వీలు ఇంకా రాలేదు.

ఇంటర్నెట్ కంపెనీ ఇందుకు భిన్నం. వాళ్లు బిల్లు పంపిస్తారు, కాదనను. 499 రూపాయలు, జీఎస్టీ 89 రూపాయల 82 పైసలు. కాగితం మీద అంతా శుభ్రంగా ఉంటుంది. అక్కడ నా బాధ వేరు.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మా పక్కనే. ఆ రాత్రి మా వీధిలో రెండు వేప చెట్లు పడ్డాయి. కరెంటు వాళ్లు మర్నాడు వానలోనే పని చేసి సాయంత్రానికి దీపాలు వెలిగించారు. వాళ్లకు చేతులెత్తి నమస్కారం. ఇంటర్నెట్ మాత్రం ఆరు రోజులు రాలేదు. ఫోన్ సిగ్నల్ కూడా వస్తూ పోతూ ఉంది. మొదటి రెండు రోజులు కువైట్‌లో అమ్మాయికి మా సంగతి తెలియలేదు. అక్కడ టీవీలో తుపాను వార్తలు చూసి ఏడుస్తూ కూర్చుందట. మూడో రోజున మా మిల్లు ఓనరు గారి ఫోన్ నుంచి మాట్లాడాను. మనవరాలు మాక్ టెస్టు రాయడానికి ఎరువుల కొట్టు దాటి అవతలి వీధిలో ఉన్న స్నేహితురాలి ఇంటికి వెళ్లింది.

తుపానును ఎవరూ ఆపలేరు. తీగలు తెగితే అతకడానికి రోజులు పడుతుంది, నాకూ తెలుసు. కానీ నాలుగో రోజున నా ఫోనుకు "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఇంట్లో రూటర్ మీద ఎర్ర దీపం అలాగే ఉంది. కస్టమర్ కేర్‌కు చేస్తే తెలుగుకు రెండు నొక్కమంది, దేనికో నాలుగు నొక్కమంది, పాట వినిపించింది, కట్టయింది. ఇలా పదకొండు సార్లు. నెల బిల్లు మాత్రం పూర్తిగా 589 వచ్చింది. ఆరు రోజులకు 117 రూపాయలు పైచిలుకు అవుతుంది. తగ్గించమని మెయిల్ మనవరాలి చేత పెట్టించాను. ఇంతవరకు జవాబు లేదు.

మా పాలబ్బాయి రాని రోజు పాలు లెక్కలోంచి తీసేస్తాడు. మీ పత్రిక వేసే కుర్రాడు సంక్రాంతికి, దసరాకు పేపరు రాని రోజులు వదిలేసి నెలాఖరున చీటీ రాసిస్తాడు. బస్సు దారిలో చెడిపోతే ప్రయాణికుల్ని వెనకొచ్చే బస్సు ఎక్కించి పంపేవాళ్లం, అదే టికెట్ మీద. ఇవన్నీ చిన్న చిన్న మనుషులు చేస్తున్న పనులు. అంత పెద్ద కంపెనీకి కంప్యూటర్లో ఆరు రోజులు పొడిగించడం కష్టమా?

కేబుల్ అబ్బాయి మీద నాకు కోపం లేదు, ఈ మాట రాయకపోతే నేను తప్పు చేసినవాణ్ణి అవుతాను. తుపాను మర్నాడు తడిసిన స్తంభం ఎక్కి తీగ సరిచేసింది అతనే. జారి పడితే అతనికి ఏ ఆసరా ఉందో నాకు తెలియదు. ఆపరేటర్ బాధలూ ఉన్నాయి. నెట్‌వర్క్ ఫీజులో వేరే ఒప్పందం లేకపోతే పెద్ద పంపిణీ సంస్థకు నూటికి 55 వంతులు, ఊళ్లో తీగ లాగి ఇల్లిల్లూ తిరిగే ఆపరేటర్‌కు 45 వంతులు. చానళ్ల ధరలు పెంచేది ఇంకెవరో. ఊళ్లో కనెక్షన్లు తగ్గిపోతున్నాయని, కుర్రాళ్లంతా ఫోన్లలో చూసుకుంటున్నారని ఆ ఓనరు గారే చెప్పాడు. తగ్గిన కనెక్షన్ల నష్టాన్ని మాలాంటి మిగిలినవాళ్ల మీద వేస్తే మేమూ పోతాం. అప్పుడు ఆయనకూ నష్టమే.

జీఎస్టీ గురించి కూడా ఒక మాట. పేపరులో వార్త చదివితే పన్ను లేదు. అదే వార్త టీవీలో చూస్తే 18 శాతం. ఇంటర్నెట్‌కూ 18 శాతమే. పిల్లలు ఆన్‌లైన్‌లో చదువుకోవాలని ప్రభుత్వమే చెబుతోంది, రేషన్ నుంచి పెన్షన్ దాకా అన్నిటికీ నెట్ కావాలంటోంది. మా మనవరాలి ఫీజు గడువు కూడా ఫోనులోనే తెలుస్తుంది. ఇంటికి ఇంత అవసరమైపోయినదానికి ఇంత పన్ను వేయడం న్యాయంగా లేదు. కనీసం తక్కువ ధర ప్లాన్ల మీదైనా తగ్గించమని మన ఎంపీలు అడగాలి.

తక్కువకు ఇవ్వడం అసాధ్యం అంటే నేను ఒప్పుకోను. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు అమరావతిలో ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, 250కి పైగా టీవీ చానళ్లు, ఫోను, మూడూ ఇస్తామన్నారు. కొత్తగా గుంతలు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడం వల్ల ఖర్చు బాగా తగ్గిందని అప్పట్లో చెప్పారు. ఆ మాట విని మా డిపోలో పని చేసినవాళ్లందరం ఎంతో సంతోషించాం. ఈ రోజున ఆ ధర లేదు. ఎందుకు లేదో, ఏ ఖర్చు ఎంత పెరిగిందో ప్రభుత్వం జనానికి చెప్పాలి. రెండు పార్టీల వాళ్లు ఒకరినొకరు తిట్టుకోవడం కాదు, అంకెలు చెప్పాలి.

మీ పత్రిక ద్వారా పశ్చిమ గోదావరి జిల్లా కలెక్టర్ గారినీ, జాయింట్ కలెక్టర్ గారినీ కోరుతున్నాను. కేబుల్ చట్టం కింద చర్య తీసుకునే అధికారం జిల్లాలో కలెక్టర్ గారికి ఉంది. ప్రతి ఆపరేటర్ తన ఆఫీసు గోడ మీద చానళ్ల ధరల పట్టిక తెలుగులో పెట్టేలా చూడండి. బస్టాండ్‌లో చార్జీల బోర్డు ఉన్నట్టే. డబ్బు తీసుకున్న ప్రతి ఇంటికీ రసీదు ఇప్పించండి. అందులో కనెక్షన్ ఎంత, చానళ్లు ఎంత, పన్ను ఎంత అని మూడు వరుసలుంటే చాలు. నిజంగా 350 అయితే 350 కడతాను. లెక్క తెలిసి కడతాను.

మీకూ ఒక మనవి. జిల్లా ఎడిషన్‌లో బంగారం ధర, గుడ్ల ధర వేస్తున్నారు. నెలకోసారి తెలుగు చానళ్ల విడి ధరలు కూడా వేయండి. ఇళ్లలో ఆడవాళ్లు దాన్ని కత్తిరించి క్యాలెండరుకు గుచ్చుకుంటారు.

ఇంటర్నెట్ విషయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు పోయిన వారం ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఆరు రోజుల డబ్బు వచ్చిందో లేదో మళ్లీ మీకు రాస్తాను.

ఇక కేబుల్ సంగతి. బజారులో కార్బన్ కాగితంతో ఉన్న రసీదు పుస్తకం కొన్నాను. వచ్చే 5వ తేదీన అబ్బాయి వస్తాడు. పుస్తకం అతని చేతికిచ్చి, రాసి సంతకం పెట్టాకే డబ్బు ఇస్తాను. మా వీధిలో ఇంకో పదకొండు ఇళ్లవాళ్లు తమకూ అలాగే రాయించి ఇమ్మన్నారు. ఆ పుస్తకంలో యాభై చీటీలున్నాయి.

ఇట్లు,
విశ్రాంత ఆర్టీసీ కండక్టర్,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా